నీ చెయ్యి మంచిదే, చెల్లీ!

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ నెల మీతో చెప్పుకోవాల్సిన మాట ఒకటుంది.

మొన్న దీపాలు పెట్టే వేళ మా వీధి చివరింటి అమ్మాయి వచ్చింది. కొత్తగా కాపరానికి వచ్చిన పిల్ల, పుట్టిల్లు శ్రీకాకుళం దగ్గర పల్లె. కొంగు చాటున ఏదో దాచుకుంది. తీసి చూపిస్తే బీరాకు. ఆకు నిండా విభూది అద్దినట్టు తెల్లటి మచ్చలు.

"అక్కా, పాదు సగం ఇలాగైపోయింది. ఆ మూడు రోజుల్లో ముట్టుకున్నావా ఏటి అని మా అత్త అడిగింది. నిజంగానే ముట్టుకున్నానక్కా. నీళ్లు పోసేవాళ్లు లేక నేనే పోశాను. నావల్లే అయిందా?" అంటూనే పిల్లకి గొంతు పూడుకుపోయింది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పన్నెండేళ్ల కిందట, ఇదే ఫెరార్గంజ్‌లో, అదే మాట నేనూ పడ్డాను. అప్పుడు నాకు చెప్పేవాళ్లు లేరు. అందుకే ఆ పిల్లకి చెప్పిందే మీ అందరికీ చెబుతున్నా. తప్పు నీ చేతిది కాదు చెల్లీ. దాని పేరు బూడిద తెగులు. గాలిలో ఎగిరొచ్చే శిలీంద్రం అది, మన రొట్టెకి పట్టే బూజుకి దూరపు చుట్టం. దానికి నీ నెలసరి తెలీదు, ఎదురింటివాళ్ల దిష్టి తెలీదు. దానికి కావలసింది బతికున్న పచ్చటి ఆకు, అంతే.

మన దీవిలో పాదు అంటే

దూరాన ఉండి చదివే అక్కచెల్లెళ్లకి మా ఊరి సంగతి కాస్త చెప్పాలి. ఫెరార్గంజ్ దక్షిణ అండమాన్‌లో ఉంది. 1923 నుంచి 1931 దాకా ఈ దీవులకి చీఫ్ కమిషనర్‌గా చేసిన ఫెరార్ దొర పేరే ఊరికి పెట్టారు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే మాలో ఎక్కువ. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు సముద్రం దాటి ఓడలో రావాలి. ఓడ ఆలస్యమైందంటే బజార్లో కూరల ధర అడగడానికే భయం. అలాంటిచోట పెరట్లో ఒక ఆనపపాదు, ఒక బీరపాదు కాపుకొస్తే వారంలో మూడు రోజులు ఇల్లాలికి దిగులుండదు. పాదు ఎండితే అంత ఏడుపెందుకని ఎవరూ అనుకోకండి. ఆ పిల్ల ఏడ్చింది ఆకు కోసం కాదు, ఇంటి కూర కోసం, దానితో పాటు పడ్డ నింద కోసం.

ఇక్కడ ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మే నుంచి డిసెంబరు దాకా తడే తడి. ఆ తడిలో చాలా కూరగాయలు నిలబడవు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా దొరికే ఆ నాలుగు నెలలే మనకి అసలైన కూరల కాలం. సరిగ్గా ఆ నెలల్లోనే బూడిద తెగులు దిగుతుంది. తెగులంటే వాన తెచ్చేదే అని మనలో చాలామంది అనుకుంటాం. ఇది అలా కాదు. మిగతా శిలీంద్రాలు చాలావరకు ఆకుమీద తడి ఉంటేనే మొలుస్తాయి. దీని బీజానికి నీటిచుక్క అక్కర్లేదు, గాలిలో చెమ్మ ఉంటే చాలు. పైగా జోరువాన పడితే కొట్టుకుపోతుంది కూడా. రాత్రిళ్లు చెమ్మ, పగలు పొడి ఎండ, చుట్టూ సముద్రపు గాలి, కిందామీదా అల్లుకుపోయిన పాదు, ఇవన్నీ కుదిరితే దానికి పండగే.

నేను మొదటిసారి చూసిన రోజు

పన్నెండేళ్ల కిందటి ఆ ఫిబ్రవరిలో ఓ పొద్దున్న బీరపందిరి కిందకి వెళ్లాను. కింది వరసలో నాలుగు ముదురాకుల మీద తెల్లటి పొడి. పేనుబంక పట్టిందని మా అత్త పొయ్యిలో బూడిద తెచ్చి చల్లి ఉంటుందనుకున్నా. అలా చల్లడం మనకి అలవాటే కదా. వేలితో రుద్దితే పొడి వచ్చేసింది, కింద ఆకు పచ్చగానే ఉంది. సరే అని వదిలేశాను. మూడోరోజు చూద్దును కదా, రుద్దినచోటే మళ్లీ తెలుపు. ఈసారి నాలుగాకులు కాదు, పద్నాలుగు. "బూడిద చల్లావా అత్తా?" అంటే, "నేనెక్కడ చల్లానే, నువ్వేం చేశావో" అంది. నిందలు అక్కడ మొదలయ్యాయి.

చల్లిన బూడిద చల్లినచోటే ఉంటుంది, తెగులు బూడిద పెరుగుతుంది. గుర్తుపట్టడానికి ఇంతకన్నా తేలిక ఉపాయం లేదు. మొదట చిన్న గుండ్రటి చుక్కలు, తర్వాత అవి కలిసిపోయి ఆకంతా పరుచుకుంటాయి. ఆకు పసుపు తిరిగి, ఎండి, గలగలమంటుంది. నీడపట్టున ఉన్న ముదురాకుల్లో ముందు కనబడుతుంది. గుమ్మడి, ఆనప, బీర, దోస, కాకర, బెండ, అన్నింటికీ వస్తుంది. మిరపలో మాత్రం ఆకు అడుగున తెలుపు, పైన పసుపు మచ్చ కనిపిస్తాయి.

దీన్ని బూజు తెగులుతో కలపకండి. ఆకుపైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, తిప్పి చూస్తే అడుగున బూడిదరంగు నూగు ఉంటే అది బూజు తెగులు. అది తడికాలం జబ్బు. ఒకదాని మందు చాలావరకు ఇంకోదానికి పనికిరాదు. అనుమానం ఉంటే రెండు ఆకులు కాగితంలో చుట్టి గారాచర్మలోని కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థకి తీసుకెళ్లండి. 1978 నుంచి మన దీవుల పంటల కోసమే పనిచేస్తున్న సంస్థ అది. ఆడవాళ్లం వెళ్లి అడగడానికి మొహమాటం వద్దు.

గాలాడనివ్వండి

అసలు మందు గాలి. ఆ ఏడు నేను పోకబద్దలతో వేసుకున్న చిన్న పందిరి మీద బీర, ఆనప, పొట్ల మూడూ కలిపి పాకించాను. ఎరువుకి కొదవలేదని పేడా, యూరియా రెండూ వేశాను. ఆకులు తాటాకంత అయ్యాయని మురిసిపోయాను. ఆ మెత్తటి చిక్కటి ఆకే తెగులుకి విందు భోజనం. ఎండ లోపలికి దిగలేదు, గాలి తిరగలేదు. ఇప్పుడు పందిరికి ఒకటే పాదు పెడుతున్నా, పొద్దుటి ఎండ పడేచోట.

తెగులు కనబడగానే ఆ ఆకులు తుంచేయాలి. మనసు ఒప్పదు, నాకు తెలుసు. పెంచిన చెయ్యి కదా. అయినా తుంచండి. ఆకుని దులపకుండా, ఊపకుండా, నెమ్మదిగా సంచిలో వేసుకోండి. దులిపితే పొడి పక్క పాదు మీద పడుతుంది. సంచిని దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టండి. ఒకేసారి మూడోవంతు ఆకులకి మించి తీయొద్దు. పాదుకి అన్నం వండేది ఆకే, కాయని ఎండదెబ్బ నుంచి కాచేదీ ఆకే. ముందు బాగున్న పాదుల పని చేసుకుని, జబ్బు పాదు దగ్గరికి చివర్లో వెళ్లండి. అక్కణ్నుంచి వచ్చాక చేతులు, కత్తెర కడుక్కోండి.

మా పక్కింటి బెంగాలీ వదిన (బౌదీ అంటాం) దగ్గర నేర్చుకున్నది ఇంకోటి ఉంది. వాళ్లు గుమ్మడి లేత చిగుళ్లు కూర వండుకుంటారు. తెగులు రాకముందే, తీగ గుబురెక్కుతుండగానే, బౌదీ వచ్చి చిగుళ్లు తుంచుకుపోతుంది. మా ఇంటికో గిన్నె కూర పంపుతుంది. పందిరి పలచబడుతుంది, ఎండ లోపలికి దిగుతుంది. మా గుమ్మడిపాదుకి తెగులు తగ్గడంలో సగం పుణ్యం ఆవిడదే.

పాలు, మజ్జిగ, గంధకం

మీలో ఎక్కువమంది అడిగేది పాల సంగతే. అది ఉత్తి చిట్కా కాదు. బ్రెజిల్‌లో వాగ్నర్ బెట్టియోల్ అనే శాస్త్రవేత్త గుమ్మడి జాతికి చెందిన జుకినీ మొక్కల మీద ఆవుపాలు చల్లి చూసి 1999లో ఆ ఫలితాలు ప్రచురించారు. నూటికి పది పాళ్లు, ఆ పైన పాలు కలిపిన నీళ్లు వారానికోసారి కొడితే తెగులుని రసాయన మందుకి దీటుగా అదుపు చేశాయి. మనం ఒక గ్లాసు పాలకి తొమ్మిది గ్లాసుల నీళ్లు కలుపుకుంటే సరిపోతుంది. ఆకు పైనా కిందా తడిసేలా, పొద్దున్న ఎండ వచ్చే వేళకి చల్లాలి. పాలు చిక్కగా పోస్తే ఆకుమీద వేరే బూజు పడుతుంది. పాలు పిల్లలకే చాలనప్పుడు పాదుకెక్కడ పొయ్యమంటావక్కా అంటారా? నిజమే. గిన్నెలు తొలిచిన పాలనీళ్లు, మిగిలిపోయిన పుల్లటి మజ్జిగ పలచగా వడకట్టి చల్లుకోండి. పుల్లమజ్జిగ మన ప్రకృతి సేద్యంలో శిలీంద్రాలకి వాడే మందే. ఏది చల్లినా తెగులు చుక్కల దశలో ఉన్నప్పుడే పనిచేస్తుంది. ఆకంతా తెల్లబడ్డాక పాలు పోసినా పచ్చదనం తిరిగి రాదు.

ఇంకో మందు వేపనూనె. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త కుంకుడురసం. ఎండ తగ్గాక కొట్టాలి, మిట్టమధ్యాహ్నం కొడితే ఆకు మాడుతుంది.

గంధకం సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. బూడిద తెగులుకి అది పాత మందు. 1845లో ఇంగ్లండ్‌లోని మార్గేట్‌లో టక్కర్ అనే తోటమాలి ద్రాక్షతీగ మీద ఈ జాతి తెగులు చూసి, గంధకం, సున్నం కలిపిన నీళ్లు కొట్టి అదుపు చేశాడు. మన బెండమొక్కకి ఇప్పటికీ నీళ్లలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు చొప్పున కొట్టుకోవచ్చు. కానీ బీర, దోస, ఆనప, గుమ్మడిలాంటి తీగజాతికి గంధకం పడదు. నాకది తెలీదు. ఒక దుకాణంలో ఇచ్చిన పొట్లం తెచ్చి మిట్టమధ్యాహ్నం బీరపాదు మీద కొట్టేశాను. రెండు రోజుల్లో ఆకుల అంచులన్నీ అట్టు మాడినట్టు మాడిపోయాయి. తెగులు వదిలేసిన ఆకుల్ని నా మందు తినేసింది. మీకలా కాకూడదు. వేపనూనె కొట్టిన మొక్కకైతే రెండు వారాల దాకా గంధకం తగలనివ్వొద్దు. ఏ మందైనా పొట్లం మీద రాసినన్ని రోజులు ఆగాకే కాయ కొయ్యండి. ఆ కాయ వెళ్లేది మన పిల్లల కంచంలోకి.

మీరు అడిగినవి

"తెగులు పట్టిన పాదు కాయ తినొచ్చా?" తినొచ్చు. శుభ్రంగా కడుక్కుని వండుకోండి. రుచి, ఎదుగుదల తగ్గుతాయంతే. తెల్లబడ్డ ఆకులు మాత్రం కూరకి వద్దు. ఆయాసం ఉన్నవాళ్లు ఆకులు తుంచేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

"విజయనగరంలో మా నాన్న మామిడిపూతకి బూడిద తెగులు అనేవారు, అదేనా?" చూపుకి ఒకటే, శిలీంద్రం వేరు. మామిడిది బీరకి రాదు. గుమ్మడి నుంచి బీరకి, దోసకి మాత్రం పాకుతుంది. బతికున్న మొక్క లేకపోతే అది బతకలేదు. చలికాలమనేదే లేని మన దీవిలో ఏడాదంతా ఏదో ఒక పాదు పచ్చగానే ఉంటుంది. కాపైపోయిన తీగని జాలిపడి ఉంచొద్దు, వెంటనే పీకేయండి.

"ఆకుల మీద చిన్న పసుపు పురుగులు తిరుగుతున్నాయి, చంపాలా?" వద్దు తల్లీ! నిగనిగలాడే పసుపు వీపు, మెడ దగ్గర తెలుపు మీద రెండు నల్ల చుక్కలు ఉంటే అది ఆకు తినే పురుగు కాదు, ఆ తెల్లటి బూడిదనే మేసే అక్షింతల పురుగు. మన పక్షాన ఉన్న జీవి అది.

ఇక చివరి మాట. ఆ మూడు రోజులూ పాదుకి దూరంగా ఉండమని చెప్పే పెద్దవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లకి వాళ్ల అత్తలు చెప్పారు, ఆకు ఎందుకు తెల్లబడుతుందో వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. కానీ లెక్క వేసి చూడండి. నాలుగాకుల మీది తెలుపు మూడు రోజుల్లో పద్నాలుగు ఆకులకి పాకింది మా ఇంట్లో. నెలకి మూడు రోజులు చెయ్యి వెయ్యకుండా వదిలేస్తే తెగులుకి అంతకన్నా ఏం కావాలి? పాదుని పాడు చేసేది ఆడదాని చెయ్యి కాదు. రోజూ ఆకు తిప్పి చూసే ఆ చెయ్యే తెగులుని మొదటి చుక్క దగ్గర పట్టుకుంటుంది.

నిన్న పొద్దున్న ఆ పిల్ల ఇంటికి వెళ్లాను. ముగ్గురం పందిరి కింద నిలబడ్డాం. చెడిపోయిన ఆకులు తనే ఒక్కొక్కటీ తుంచింది. వాళ్ల అత్త సంచి పట్టుకుంది. మొదట ఏమీ మాట్లాడలేదావిడ. కాసేపటికి పై వరస కేసి చెయ్యి చూపించి, "అదిగో, ఆ ఆకు తిప్పి చూడమ్మా. నాకు అందట్లేదు" అంది.