రైలు – ఒక మాట కథ

గోదావరి తీరమున "రైలు" అను మాట ఎరుగని బాలబాలికలు ఉండరు. రాజమహేంద్రవరము వంతెనపై చప్పుడు వినబడగానే "అదిగో రైలు!" అందుము. ఇంతగా మనదైన ఈ మాట ఇంగ్లీషు పదము. అయితే ఇంగ్లీషువారు ఈ పదముతో ముఖ్యముగా చెప్పు వస్తువు వేరు. మనము చెప్పు వస్తువు వేరు. ఈ భేదము ఎట్లు కలిగినది? ఇది తెలియనివారు చేసిన పొరపాటా? విచారింతము.

ఇంగ్లీషున "రెయిల్" అనగా కడ్డీ. మెట్లు ఎక్కువారు చేతితో పట్టుకొను కడ్డీయు, బండి చక్రములు నడచుటకై నేలపై పరచిన ఇనుప కడ్డీయు రెయిలే. మేడమెట్ల ప్రక్కనుండు "రెయిలింగు" కూడ ఈ పదమునకు చుట్టమే. దీనికి మూలము లాటిను భాషలోని "రెగ్యులా". తిన్నని కర్ర అని దాని అర్థము. అది ఫ్రెంచివారి నోట మారి ఇంగ్లీషునకు చేరినది. మీరు గీతలు గీయుటకు వాడు రూళ్లకర్రలోని "రూలు" అను మాటయు ఆ లాటిను పదమునుండి పుట్టినదే. కనుక రైలును, రూళ్లకర్రయు ఒక తల్లి బిడ్డలు! ఇక పట్టాలపై సాగు పెట్టెల వరుసను ఇంగ్లీషువారు "ట్రెయిన్" అందురు. ఈడ్చుట అను అర్థము గల ఫ్రెంచి మాటనుండి అది వచ్చినది.

మరి కడ్డీ పేరు బండికి ఎట్లు వచ్చినది? ఎద్దులు లాగునది ఎడ్లబండి, గుర్రము లాగునది గుర్రపుబండి. అట్లే రైలుపై నడచునది రైలుబండి. నిత్యము వాడు మాట పొడవైనదైనచో జనులు దానిని కుదింతురు. కొందరు మొదటి సగము విడిచి "బండి వచ్చినది" అనిరి. పెక్కుమంది రెండవ సగము విడిచి "రైలు వచ్చినది" అనిరి. కడ్డీకి "పట్టా" అను మాట స్థిరపడుటచే "రైలు" బండికే దక్కినది. అందుచేత "రైలు పట్టాలు" అన్నచో ఒకే మాట రెండుసార్లు చెప్పినట్లు కాదు. రైలు నడచు పట్టాలు అని అర్థము. హిందీవారును "రేల్‌గాడీ"ని కుదించి "రేల్" అందురు. తమిళులును బండినే "రయిల్" అందురు.

మాట వచ్చిన దారి తెలియవలెనన్న బండి వచ్చిన దారిని చూడవలెను. రైలు రాకముందు మన డెల్టాలో నీటిదారులే రాచబాటలు. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప కాలువలు పొలములకు నీటిని, పడవలకు దారిని ఇచ్చినవి. ఆ ఆనకట్టను కట్టించిన సర్ ఆర్థర్ కాటన్ ఇనుపదారులకంటె కాలువలే ఈ దేశమునకు చౌక అని వాదించెను. పడవకు, రేవునకు, తెడ్డునకు, చుక్కానికి మనకు సొంత మాటలు గలవు. రైలు విషయమున వస్తువుతోపాటు మాటయు వచ్చినది. తూర్పుతీరపు ఇనుపదారి 1893–1896 సంవత్సరముల నడుమ తెరువబడినది. కాని గోదావరిపై హేవలాక్ వంతెన 1897లో ఆరంభమై 1900లో గాని పూర్తి కాలేదు. అంతవరకు కొవ్వూరు, రాజమహేంద్రవరముల నడుమ ప్రయాణికులు నదిని నీటిపైననే దాటవలసియుండెను. దాదాపు నూరేండ్లు సేవచేసి ఆ వంతెన 1997లో విశ్రాంతి పొందినది.

ఈ మాటకు గల రెండర్థములును ఎంత దగ్గరివో కోటిపల్లి కథ తెలుపును. కాకినాడ నుండి రామచంద్రపురము, ద్రాక్షారామము మీదుగా గౌతమీతీరమునందలి కోటిపల్లికి 1928లో రైలుమార్గము వేసిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, యుద్ధావసరములకై ఆ పట్టాలను పెరికి తీసికొనిపోయిరి. ఇంగ్లీషు అర్థమున రెయిలు పోయెను. దానితో తెలుగు అర్థమున రైలును పోయెను. అరువదినాలుగేండ్లు ఆ యూళ్లలో మాట మిగిలినది గాని బండి లేదు. 2004లో పట్టాలు మరల వేసినపిదపనే రైలు తిరిగి వచ్చెను.

గౌతమికి ఆవల కోనసీమ కలదు. కోటిపల్లి నుండి అమలాపురము మీదుగా నరసాపురమునకు రైలుమార్గము 2000–2001లో మంజూరైనది. గౌతమి, వైనతేయ, వసిష్ఠ పాయలను అది దాటవలెను. రెండు దశాబ్దములు గడచినను ఆ మార్గము పూర్తికాలేదు. "మా ఊరికి రైలు ఎప్పుడు వచ్చును?" అని కోనసీమ రైతు అడుగునప్పుడు ఆ ఒక్క మాటలో వంతెనలును, పట్టాలును, కొబ్బరికాయలు దూరపు సంతకు పోవు దారియు, బిడ్డలు పైచదువులకు పోవు సౌకర్యమును ఇమిడియున్నవి.

పూర్వము పండితులు దీనిని "ధూమశకటము" అనిరి. జనులు "పొగబండి" అనియు పిలిచిరి. చక్కని మాటలే! కాని డీజిలు, విద్యుత్తు యంత్రములు వచ్చినపిదప పొగ పోయినది. పేరునకు ఆధారమును పోయినది. ఏ యంత్రము లాగినను పట్టాలు తప్పవు గదా! కావున "రైలు" నిలిచినది.

నిలుచుటయే కాదు, తెలుగు వ్యాకరణమునకును లోబడినది. కాలు–కాళ్లు, వేలు–వేళ్లు వలెనే రైలు–రైళ్లు. "రైలులు" అని ఎవ్వరును అనరు. మిక్కిలి భయము కలిగినప్పుడు "గుండెలలో రైళ్లు పరుగెత్తినవి" అందుము. ఈ జాతీయమును ఉన్నదున్నట్లు ఇంగ్లీషులోనికి మార్చినచో ఇంగ్లీషువానికి బోధపడదు. ఇంతకంటె ఈ మాట మనదైనదనుటకు నిదర్శనమేమి కావలెను?

కావున రైలును బండి యనుట పొరపాటు కాదు. ఇతర భాషనుండి వచ్చిన మాటకు మన అవసరమే అర్థము నిచ్చును. అయితే ఇంగ్లీషున వ్రాయునప్పుడు మాత్రము జాగ్రత్త వలయును. "రెయిల్ వచ్చినది" అని వ్రాసినచో స్టేషనునకు ఇనుప కడ్డీ వచ్చినదని అర్థమగును! ఏ మాట ఏ యింట ఏ పనిచేయునో తెలిసినవాడే రెండు భాషలను గౌరవించినవాడు.

అభ్యాసము

1. "రైలు పట్టాలు" అనుట పునరుక్తి కాదని ఎట్లు చెప్పగలరు?
2. "ధూమశకటము" అను పేరు నిలువకపోవుటకు కారణమేమి?
3. కోటిపల్లి రైలుమార్గపు కథను మీ సొంత మాటలలో వ్రాయుడు.
4. బస్సు, లాంచి, సైకిలు – ఈ మాటలకు బహువచనములు వ్రాసి, "రైళ్లు"తో పోల్చుడు.