ప్యాకింగ్ పోయిందంటే ఏది పోయినట్టు?

చిలకలూరిపేటలో ఒక బాబాయి ఉన్నాడు. గణపవరం వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసి ఇంటిపట్టున కూర్చున్నాడు. ఈమధ్య హైదరాబాదులో ఉన్న అన్న కొడుక్కి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు. ఆ కుర్రాడు జర్మన్ నేర్చుకుని, పంపుల మాన్యువళ్లను ఇంగ్లీషులోకి మార్చే పని పట్టాడు. మొదటి పేజీలోనే ‘డిష్టుంగ్’ అనే మాట అడ్డం పడింది. నిఘంటువులో సీలూ ఉంది, గ్యాస్కెట్టూ ఉంది, కవిత్వమూ ఉంది. గోథే ఆత్మకథ పేరులో ఉన్నది ఆ మూడోది.

బాబాయికి జర్మన్ ముక్క రాదు. చిక్కు మాత్రం వెంటనే అందింది. పేటలో హైవే పక్క షెడ్లలోనూ ఇదే తంతు కదా! ఫ్లాంజిల మధ్య పెట్టే షీటూ ప్యాకింగే, పంపు గ్లాండులో చుట్టే గ్రీజు తాడూ ప్యాకింగే. ‘ప్యాకింగ్ పోయింది’ అంటే విప్పి చూసేదాకా ఏది పోయిందో తేలదు.

“ముందు బొమ్మ చూడరా అబ్బాయ్,” అని రాశాడు. రెండు ముక్కలూ కదలకుండా బోల్టులతో బిగిసి, మధ్యలో షీటు ఉంటే గ్యాస్కెట్. ఒకటి తిరుగుతుంటే సీలు. ‘ఓ-రింగ్’ మాత్రం కదిలినా కదలకున్నా ఓ-రింగే, దాని జోలికి పోవద్దన్నాడు.

కుర్రాడు పంపిన మాటల జాబితాలో ‘నట్ రింగ్’ చూసి బాబాయి నవ్వుకున్నాడట. బొమ్మలో నట్టు లేదు, యూ ఆకారంలో రబ్బరు ఉంది. జర్మన్‌లో ‘నూట్’ అంటే గాడి. మనం బిగించే నట్టును వాళ్లు ‘ముట్టర్’ అంటారు, అంటే అమ్మ! ఇంగ్లీషు వర్క్‌షాపులో ఆ రింగు యూ కప్. అలాగే ‘గ్లైట్‌రింగ్‌డిష్టుంగ్’ను మాటకు మాట పెట్టి ‘స్లైడింగ్ రింగ్ సీల్’ అంటే స్టోర్సు గుమస్తా తెల్లమొహం వేస్తాడు. అతనికి తెలిసింది మెకానికల్ సీల్.

‘సిమ్మర్‌రింగ్’ సంగతి వేరు. అది వాల్టర్ సిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద వచ్చిన ఫ్రాయిడెన్‌బర్గ్ కంపెనీ ట్రేడ్‌మార్కు. మనకు జిరాక్స్‌లాగా వాళ్లకు ఏ ఆయిల్ సీలైనా సిమ్మర్‌రింగే. ఇంగ్లీషులో రేడియల్ షాఫ్ట్ సీల్ అని రాస్తే సరి. ఉత్తరంతోపాటు కవర్లో 35-52-7 సైజు పాత సీలు ఒకటి పెట్టాడు. షాఫ్టు 35 మిల్లీమీటర్లు, హౌసింగు 52, మందం 7. పెదవి వెనక దాగిన సన్నటి స్ప్రింగును వేలితో తడిమి చూడమన్నాడు. కొలతల్లో జర్మన్ల కామా మన చుక్క అని, 0,5ను 5 చేయొద్దని ఒక్క ముక్కలో హెచ్చరించాడు.

చివరి పేజీ అంతా గ్లాండు గురించే. తాడు చుట్టిన గ్లాండు చుక్క చుక్కగా కారాలి. ఆ నీళ్లే షాఫ్టును చల్లబరుస్తాయి. ఒకప్పుడు తాను చేసిన మిల్లులో, ఇంగ్లీషు మాన్యువల్లో ‘లీకు ఉండరాదు’ అని చూసి కొత్త ఫిట్టరు నట్లు బిగించేశాడు. సాయంత్రానికి తాడు మాడి కంపు కొట్టింది, షాఫ్టు స్లీవు గీతలు పడింది. తిట్లు ఫిట్టరుకే పడ్డాయి. ఆ మాన్యువల్ తర్జుమా చేసినవాడు ఎక్కడున్నాడో!

“నీ పుస్తకంలో ఆ వాక్యం వచ్చినప్పుడు ఎలా రాశావో నాకు పంపు. మన ఫిట్టర్లకు చదివి వినిపిస్తా,” అని సంతకం పెట్టాడు.