ఇంజను వేడిమి – విద్యుత్తీగెల రక్షణము

ఎద్దునకు జబ్బు చేసినచో చూచినంతనే తెలియును. ట్రాక్టరు ఇంజను మూతక్రింద తీగె చెడుచున్న సంగతి కాలిన వాసన వచ్చువరకు తెలియదు. గడ్డివామి చెంత నిప్పు పుట్టిన పిమ్మట చింతించి ఫలము లేదు.

ఈ విషయమున పందెపుకార్లవారు మనకు మార్గదర్శకులు. సత్యవేడునకు ఆగ్నేయముగా నున్న షోళవరమున, పూర్వపు విమానపు బాటపై కారు పందెములు జరుగుచుండెడివి. 1990లో శ్రీపెరుంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైయందు ప్రత్యేకమైన పందెపు బాట ఏర్పడెను. ఇరుకైన ఇంజను గదిలో తీగెలను కాపాడుటకు అట్టివారు పాటించు సూత్రములు మూడు.

1. దూరము: బరువుపనిలో పొగగొట్టపు మొదటిభాగము 400 డిగ్రీల సెంటీగ్రేడునకు మించి కాగగలదు. సాధారణపు పి.వి.సి. తీగె, రకమును బట్టి, 70 మొదలు 105 డిగ్రీల వరకే తాళును. కావున తీగెను ఎడముగా త్రిప్పి, అదురునకు జారకుండ క్లిప్పులతో బిగింపవలయును. దీనికి వ్యయము స్వల్పము, ఫలము అధికము.

2. తెర: ఎడము చాలనిచో నడుమ మెరుగుగల అల్యూమినియం రేకు నిలుపవలయును. అది తీగెను గాని గొట్టమును గాని తాకరాదు. ఇరువైపుల గాలి యాడనిచో రేకే కాగి తీగెను చెరచును.

3. తొడుగు: తప్పనిచోట సిలికాన్ రబ్బరు తీగె వేసి, పైన గాజునార గొట్టము తొడుగవలయును. తొడుగు వేడిమిని ఆలస్యము చేయునే కాని పూర్తిగా ఆపజాలదు. అందుచే దీనిని కడపట చెప్పితిమి. నల్లని అంటుపట్టీ యిచట పనికిరాదు. దాని జిగురు కరగి ఊడిపోవును.

ఇంజను ఆపినతోడనే చల్లబడునని తలంపరాదు. పంకాయు నీటి ప్రసరణమును నిలిచిపోవుటచే, కొన్ని నిమిషములపాటు మూతక్రింద వేడిమి హెచ్చును. కావున బరువు దింపి, కొంతసేపు ఊరక నడిపి పిమ్మట ఆపవలయును. వెంటనే టార్పాలిను కప్పరాదు, గడ్డిచెంత నిలుపరాదు.

వదులైన బిగింపులును వేడిమిని పుట్టించును. ఫ్యూజు కాలినచో దాని స్థానమున రాగితీగె చుట్టుట నిప్పును పిలుచుటయే. కారణము కనుగొని, అదే కొలతగల ఫ్యూజును వేయవలయును.

కోతలకు ముందే, ఇంజను చల్లగా నున్నపుడు, బ్యాటరీ నెగటివు తీగెను విప్పి, తీగెలను మెల్లగా వంచి చూడుడు. పెళుసెక్కినదానిని, పగిలినదానిని, రంగు మారినదానిని మార్చుడు. సంఘ సభ్యులు ఒకరి బండి నొకరు పరీక్షించుకొనుట మేలు. తన కంటికి అలవాటైన లోపము పరుని కంటికి కనబడును.