పేదల సొంతిల్లు: కర్నూలు, కడప పరీక్షార్థులకు ముఖ్యాంశాలు

రాష్ట్రంలో పేదల ఇళ్ల బాధ్యత ప్రధానంగా రెండు సంస్థలది: 1979లో ఏర్పడిన రాష్ట్ర గృహ నిర్మాణ సంస్థ, పట్టణాల్లో అపార్ట్‌మెంట్లు కట్టే ఏపీ టిడ్కో.

• ప్రధానమంత్రి ఆవాస్ యోజన (పీఎంఏవై)-పట్టణ: 2015 జూన్ 25న ప్రారంభం. సొంత స్థలంలో కట్టుకునేవారికి కేంద్ర సాయం రూ.1.5 లక్షలు.

• పీఎంఏవై-గ్రామీణ్: 2016 నవంబరు 20న ఆగ్రాలో ప్రారంభం. మైదాన ప్రాంతాల్లో రూ.1.20 లక్షలు, కేంద్ర, రాష్ట్ర వాటాలు 60:40. కనీస విస్తీర్ణం 25 చ.మీ. లబ్ధిదారుల జాబితాను గ్రామసభ పరిశీలిస్తుంది.

• టిడ్కో: జీ+3 భవనాలు, 300, 365, 430 చ.అడుగుల ఇళ్లు. కర్నూలులో జగన్నాథగట్టు కాలనీ ఇందుకు ఉదాహరణ.

• పేదలందరికీ ఇళ్లు: 2020 డిసెంబరు 25న ప్రారంభం. అప్పట్లో గ్రామాల్లో సెంటున్నర, పట్టణాల్లో సెంటు స్థలం ఇచ్చారు.

• స్థానికాంశం: కడప, బేతంచెర్ల నాపరాళ్లు సీమ ఇళ్లలో బండపరుపుకు ప్రసిద్ధి.

పట్టణ, గ్రామీణ పథకాల తేదీలు, సాయం మొత్తాలు తారుమారు కాకుండా గుర్తుంచుకోండి.