కుక్క మందు పిల్లికి వేయకూడదు

పిల్లలూ! మీలో కొందరి ఇళ్ళలో కుక్క ఉంది, కొందరి ఇళ్ళలో పిల్లి ఉంది. రెండూ ఉన్న ఇళ్ళు కూడా ఉన్నాయి. ఈ పాఠం చదివి, ఇంట్లో అమ్మానాన్నలకు తెలుగులో చెప్పండి.

పిడుదు అంటే చర్మానికి అంటుకుని నెత్తురు తాగే చిన్న పురుగు. కొన్ని ఊళ్ళలో గోమారి అంటారు. పెద్ద పిడుదుకు ఎనిమిది కాళ్ళుంటాయి కనుక అది సాలీడుకు చుట్టం. ఫ్లీకి ఆరు కాళ్ళు. రెక్కలుండవు, గెంతుతుంది.

మన మార్కమ్‌లోకి కూడా వ్యాపించిన రూజ్ నేషనల్ అర్బన్ పార్కులో, గడ్డిలోనూ రాలిన ఆకుల్లోనూ నల్లకాళ్ళ పిడుదులుంటాయి. వాటిలో కొన్ని లైమ్ జబ్బును మనుషులకూ కుక్కలకూ అంటిస్తాయి. ఎండాకాలంలోనే కాదు, చలి తగ్గి సుమారు 4 డిగ్రీలు దాటితే చాలు, అవి తిరుగుతాయి. అందుకే డాక్టర్లు మెడ వెనుక వేసే చుక్కల మందు ఇస్తారు.

ఇక అసలు విషయం. కే-నైన్ అడ్వాంటిక్స్ వంటి కొన్ని కుక్క మందుల్లో పెర్మెత్రిన్ ఉంటుంది. చామంతి జాతి పువ్వులో దొరికే మందును పోలినట్లు ఫ్యాక్టరీలో తయారుచేసిన రసాయనం ఇది. కుక్క కాలేయం దీన్ని విరగ్గొట్టి బయటికి పంపగలదు. పిల్లి కాలేయంలో అందుకు కావలసిన ఎంజైము చాలా తక్కువ. విషం ఒంట్లోనే ఉండిపోయి నరాలను పట్టుకుంటుంది. పిల్లి వణుకుతుంది, మూర్ఛ వస్తుంది, ప్రాణం కూడా పోవచ్చు. "పిల్లి చిన్నది కదా, సగం వేద్దాం" అనుకోవడం చాలా ప్రమాదం.

మందు వేసే పద్ధతి:
1. డబ్బా మీద జంతువు పేరు, బరువు, వయసు చదవండి. హెల్త్ కెనడా నంబరు ఉందో లేదో చూడండి.
2. భుజాల మధ్య, నాకలేని చోట, వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేయాలి. ఇది పెద్దల పని.
3. ఆరేదాకా పిల్లలు ముట్టుకోకూడదు. కుక్కకు పెర్మెత్రిన్ మందు వేస్తే, పిల్లిని వేరే గదిలో ఉంచాలి. పిల్లి కుక్కను నాకినా విషమే.
4. స్నానం ఎప్పుడు చేయించాలో డబ్బా మీదే ఉంటుంది.

పొరపాటున పిల్లికి పడితే, బాగుందిలే అని ఆగవద్దు. వెంటనే పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, డబ్బా వెంట తీసుకుని వెళ్ళండి.

పెద్దలకు ఒక మనవి: మన ఊళ్ళలో కిరోసిన్, కర్పూరం రాసేవారు. అవి రెండు జంతువులకూ విషమే. దయచేసి వాడవద్దు.

కొత్త మాటలు: పిడుదు, కాలేయం, మూర్ఛ, పాయ తీయడం.

ప్రశ్నలు:
1. పిడుదుకూ ఫ్లీకీ తేడా ఏమిటి?
2. కుక్క మందు పిల్లికి ఎందుకు పనికిరాదు?
3. మీ ఇంట్లో ఉన్న మందు డబ్బా చదివి, అందులోని మందు పేరు తెలుగు లిపిలో రాసుకుని రండి.