గ్రామమున సామూహిక పఠనము

సంఘపు సర్వసభ్య సమావేశమున తీర్మానములు చదివి వినిపింతురు. సభ్యులు తలలూపి, పుస్తకముపై చేవ్రాళ్లో వ్రేలిముద్రలో వేయుదురు. తాము దేనికి సమ్మతించిరో యింటికేగి చెప్పగలవారు ఎందఱు? అప్పుపత్రము, విత్తనపు రసీదు, పురుగుమందు డబ్బాతో వచ్చు కరపత్రము, వీని గతియు నంతియే. చదువురాని రైతు తన కాగితమునకు తాను యజమాని కాడు. ఒక్కొక్కరికి అక్షరములు నేర్పి యీ కొఱత తీర్చుట మంచిదే, కాని అది యీ పంటకాలమున అక్కఱకు రాదు. ఒకరు చదువగా పలువురు విని, ప్రశ్నించి, గ్రహించుట దగ్గఱిదారి. దీనినే సామూహిక పఠన మందుము.

ఇది మనకు క్రొత్తది కాదు. పూర్వము పంటలు ఇల్లు చేరిన పిమ్మట రచ్చబండకడనో రామాలయమందో పురాణ కాలక్షేపము జరుగుచుండెడిది. ఒకరు పద్యము చదువుదురు, మఱొకరు అర్థము చెప్పుదురు. పశువులకు మేతవేసి వచ్చిన వృద్ధుడును, తల్లి ఒడిలోని పసివాడును ఆ సభలోని వారే. సంతకము చేయరాకున్నను పోతనగారి భాగవత పద్యములు నోటికి వచ్చిన రైతులు మన యూళ్లలో నుండెడివారు. ఒక్క పుస్తకము, ఒక్క దీపము, ఒక్క కంఠము ఊరికి చాలినవి. కాని ఆ సభలో అందఱికిని అరుగుపై చోటుండెడిది కాదు. కొన్ని వాడలవారు దూరమున నిలిచి వినవలసి వచ్చెడిది. మనము ఆ పద్ధతిని గైకొనవలెను గాని ఆ దూరమును గాదు.

పుస్తకములను పండితుల పెట్టెలనుండి వెలికి దెచ్చినవారు గ్రంథాలయోద్యమ నాయకులు. హైదరాబాదు రెసిడెన్సీ బజారులో రావిచెట్టు రంగారావుగారి యింట 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు దీనికి పూనుకొన్న ముఖ్యులు. అధికారభాష ఉర్దూయైన ఆ రాజ్యమున తెలుగు పుస్తకమునకొక యిల్లు చూపుట చిన్నపని కాదు. 1906లో స్థాపితమైన విజ్ఞానచంద్రికా మండలి తొలుత ప్రకటించిన గ్రంథము గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారి అబ్రహాము లింకను చరిత్రము. ఈ లింకను సేద్యగాని కుమారుడు. అడిగి తెచ్చుకొన్న పుస్తకము వానకు తడిసిపోగా, దాని వెలకు బదులు పొరుగురైతు చేలో కూలిచేసి తీర్చెనని ప్రసిద్ధి. కృష్ణా డెల్టాలో పెదపాలెమునుండి పాటూరి నాగభూషణముగారు 1935లో కాలువ పడవయందే గ్రంథాలయము నడపిరి. పడవ మెల్లగా సాగుట అచట గుణమే యయ్యెను!

పరదేశములందును ఇట్టి యత్నము కలదు. అమెరికాలోని సియాటిల్ నగరమున 1998లో నాన్సీ పెర్ల్ అను గ్రంథాలయోద్యోగిని, నగరమంతయు ఒకే నవలను చదివి చర్చింపవలెనని తలపెట్టెను. 2001లో చికాగోవారును దీనినే యనుసరించిరి. అచట ఎవరి ప్రతి వారు చదువుకొని తరువాత కూడుదురు. అందఱికిని అక్షరములు వచ్చునను ధైర్యము వారిది. మనకు పాత పురాణపు పద్ధతియే అనుకూలము.

లింగంపల్లి చుట్టుపట్ల చిక్కు మఱియొక విధముగ నున్నది. జొన్నచేలుండిన నేలపై అంతస్తులు లేచినవి. 1974లో స్థాపింపబడిన కేంద్రీయ విశ్వవిద్యాలయము ఇక్కడనే యున్నది. కొన్ని మైళ్ల దూరమున పటాన్‌చెరు కడ, 1972లో నెలకొన్న ఇక్రిశాటు సంస్థలో జొన్న, సజ్జ, కంది, వేరుసెనగలపై పరిశోధనలు జరుగుచున్నవి. ఇంత విద్య చెంతనుండియు, ఎన్నో యిండ్లలో తాతకు అక్షరము రాదు. మనుమనికి ఇంగ్లీషు వచ్చును గాని తెలుగు కూడబలుకుకొని చదువును. ఇద్దఱిని ఒక పుస్తకము ముందు కూర్చుండబెట్టి చూడుడు. మనుమడు “గుంటక” యని చదివి, అదేమని అడుగును. తాత లేచి చేతులతో చూపును. వడ్డీ శాతము వచ్చినచోట మనుమడు లెక్కగట్టి తాతకు చెప్పును.

ఇక నడపు తీరు. వానకారు పంట ఇల్లు చేరిన పిమ్మట, వారమునకు రెండుమాపులు, గంటకు మించకుండ జరుపవలెను. స్త్రీలకు వంటపని లేని వేళ నిర్ణయింపవలెను, లేకున్న అది మగవారి సభయే యగును. మొదటనే వ్యవసాయశాస్త్రము పెట్టకుడు. వ్యవసాయ ప్రదర్శకుడనై యుండియు ఈ మాట చెప్పుచున్నాను. కథ మనుష్యులను కూర్చుండబెట్టును. ఉన్నవ లక్ష్మీనారాయణగారి మాలపల్లి నవల కూలీల, రైతుల బ్రదుకే గనుక ఆరంభమునకు తగును. అది ముగిసిన పిమ్మట సురవరము ప్రతాపరెడ్డిగారి ఆంధ్రుల సాంఘిక చరిత్రము చదువవచ్చును. మన పూర్వులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి యనునవి అందు దొరకును. చదువువాడు తాత్పర్యము మాత్రమే చెప్పి దాటిపోరాదు, అచ్చైనది అచ్చైనట్లు చదువవలెను. ఎవరు చేయెత్తినను ఆగవలెను. మఱునాటి సభలో గడచిన భాగమును చదువురాని వారొకరు తిరిగి చెప్పవలెను.

ప్రతి సభ కడపటి పావుగంట ఒక కాగితమునకు కేటాయింపుడు. ఒకనాడు సంఘపు నిబంధనలు, ఒకనాడు అప్పుపత్రము, ఒకనాడు పురుగుమందు కరపత్రము. డబ్బాపై నుండు రంగును పసిపిల్లలకు సైతము నేర్పవలెను. ఎఱుపు అత్యంత విషము, పసుపు మిక్కిలి విషము, నీలము మధ్యమము, ఆకుపచ్చ స్వల్పము. స్వల్పమన్నను విషమే. ఏ పంటకు ఎంత మోతాదు, కొట్టిన పిమ్మట ఎన్ని దినములు కోయరాదు, ఒంటికి సోకిన ఏమి చేయవలెను అనునవి కరపత్రమందే యుండును. బజారుకు కూరగాయలు పంపు రైతు ఆ దినముల సంఖ్యను చదువక పోయిన, తినువారికి కీడు మూడును.

వ్యయమునకు వెఱవ నక్కఱలేదు. 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్ నేతపనివారు తొలి సహకార దుకాణములలో ప్రసిద్ధమైన దానిని తెఱచిరి. కొన్నేండ్లకే పఠనమందిరము పెట్టి, లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకై తీసియుంచిరి. మన సంఘములును మహాసభ అనుమతితో కొంత కేటాయింపవచ్చును. ఇంటిపన్నుతోపాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను మనవద్ద వసూలగుచునే యున్నది గనుక, జిల్లా గ్రంథాలయ సంస్థను పుస్తకములడుగుట యాచన కాదు. అడుగునపుడు ఒకే గ్రంథమునకు రెండు ప్రతులు కోరుడు. ఒకటి సభలో నుండును. రెండవది పిల్లలు వంతులవారీగా ఇంటికి కొనిపోయి, మఱునాటి భాగమును ముందుగా చదివి రావచ్చును. ఎవరు ఏ దినమున కొనిపోయిరో వ్రాయుటకు సంఘపు గుమాస్తా వద్ద ఒక చిట్టా యుంచిన చాలును.