చిట్టి బొమ్మలకు రంగులు

బల్లమీద సైనికుల బొమ్మలను నిలిపి ఆడు యుద్ధక్రీడలు ఐరోపాలో చిరకాలముగా కలవు. 1893లో ఇంగ్లండులోని విలియం బ్రిటన్ సంస్థవారు లోపల గుల్లగా ఉండునట్లు సీసపు బొమ్మలను పోతపోయు పద్ధతిని కనిపెట్టిరి. సీసము తక్కువ పట్టుటచే వాని వెల తగ్గెను. 1913లో హెచ్.జి. వెల్స్ అను ఆంగ్ల రచయిత అట్టి బొమ్మలతో ఆడు క్రీడకు నియమములు కూర్చి ‘లిటిల్ వార్స్’ అను గ్రంథమును ప్రకటించెను. నేడు ఈ క్రీడలలో వాడు బొమ్మలు చాలవరకు ప్లాస్టిక్‌తో చేసినవి. మనుష్యరూపము ఎత్తు తరచుగా 28 మిల్లీమీటర్లకు మించదు. వానికి రంగు వేయుట ఆడువారి పనియే.

అంగడిలోని పదుల కొలది రంగుబుడ్లను చూచి, ఈ కళ ధనవంతులకే తగునని కొందరు వెనుదీయుదురు. అది పొరపాటు. ఎరుపు, పసుపు, నీలము, నలుపు, తెలుపు అను అయిదు ఆక్రిలిక్ రంగులున్న చాలును. నీలము, పసుపు కలిపిన ఆకుపచ్చ వచ్చును. ఎరుపు, పసుపు కలిపిన నారింజ వచ్చును. ఎరుపు, పసుపు, నీలము మూడును కలిసిన గోధుమవన్నె ఏర్పడును. మొనతేలిన మంచి కుంచె యొకటి, అరిగిన పాత కుంచె యొకటి కావలెను. రంగులు కలుపుటకు పగిలిన పింగాణి పళ్లెము చాలును. చేయి తిరుగువరకు సంతలో దొరకు చవుక బొమ్మలే మేలు.

మొదట బొమ్మను సబ్బునీటితో కడిగి ఆరబెట్టవలెను. అచ్చు అతుకు గీతలను మెల్లగా గీకివేయవలెను. పాత సీసపు బొమ్మలను మాత్రము గీకరాదు. ఆ పొడి విషము. కుంచెమొనను నోట తడుపుటయు కూడదు. రంగు పట్టుటకై ముందు ఒక పలుచని పూత పూసి, అది ఆరిన పిదప అసలు రంగులు వేయవలెను. రంగును నీటితో పాలవలె పలుచన చేసి రెండు మారులు పూయుట యుక్తము. దళసరిగా పూసినచో కనుముక్కుతీరు పూడిపోవును.

ఇక ముఖ్యమైన మాట. నిజమైన మనుష్యుని వస్త్రపు మడతలలో ఎండ స్పష్టముగా నీడను కల్పించును. ఇంత చిన్న బొమ్మమీద ఆ నీడ కంటికి ఆనదు. కావున వెలుగునీడలను చిత్రించువాడే కల్పింపవలెను. గోధుమవన్నెలో నలుపు కొంచెము చేర్చి, మిక్కిలి పలుచన చేసి పూసినచో, అది తనంతట తానే మడతలలోనికి జారి నీడయై నిలుచును. అది ఆరిన పిమ్మట, పాత కుంచెకు లేతరంగు అంటించి, గుడ్డతో దాదాపు తుడిచివేసి, ఎత్తైన భాగములపై తేలికగా రాయవలెను. అంతట బొమ్మకు జీవకళ వచ్చును.

ఈ పనికి కావలసినది ధనము కాదు. వెలుగు ఎచ్చట పడునో, నీడ ఎచ్చట నిలుచునో కనిపెట్టు చూపు. తొలిబొమ్మ వికారముగా ఉండుట సహజము. దానిని పారవేయక పదవ బొమ్మ పక్కన నిలిపి చూచిన, చేయి ఎంత తిరిగినదో తెలియును. పది బొమ్మలు కొని పెట్టెలో దాచుటకంటె ఒక్క బొమ్మను ఓర్పుతో ముగించుట మేలు.